పాదులోకి తిరిగొచ్చిన ఆకులు

అరబ్బు దేశంలో, రుమైథియా పేటలోని ఒక ఇంట్లో నేను తోటమాలిగా చూసుకునే రెండు రేగుచెట్లలో ఒకదానికి ఆకుమచ్చ తెగులు పట్టింది. కొమ్మలు కత్తిరించి మందు కొట్టాను. రాలిన ఆకుల్లోనూ తెగులు ఉంటుందని వాటిని ఊడ్చి సంచుల్లో కట్టాను. మర్నాటికి ఆకులన్నీ చెట్టు పాదులోనే ఉన్నాయి. ఆ ఇంటి డ్రైవర్, కోనసీమ మనిషి, చేసిన పని అది. ఒళ్లు మండిపోయింది.

"బుద్ధుందా అప్పా? తెగులాకు మళ్లా పాదులో ఏస్తివే!"

"ఆయ్, మా కొబ్బరితోటల్లో ఆకంతా పాదులోనే ఏత్తామండి. ఎరువుని ఎవరైనా పారేత్తారా?" అన్నాడు.

ఎంత తిట్టినా వినలేదు. నేను తీసేవాణ్ణి, అతను వేసేవాడు. చివరికి చెట్టు మోడైంది. మేం "మామా" అని పిలిచే ఇంటి యజమానురాలు "ఖలాస్", ఇక దాని పని అయిపోయిందని, నరికేయమంది. పళ్లు నూరుకుంటూ నరికాను. గొడ్డలి లోపల పెట్టి వచ్చేసరికి, అతను ఆ ఆకులన్నీ ఎత్తి రెండో చెట్టు పాదులో పరుస్తున్నాడు.