తప్పంతా దిష్టిదే

రాజాంలో ఎక్కడ మేడ లేస్తున్నా అప్పలసూరి మేస్త్రీకి ముందు కావాల్సింది దిష్టిబొమ్మ. పాత చొక్కాలో గడ్డి కుక్కి, కుండ తల పెట్టి, దానికి అచ్చం తన మీసాల్లాంటి మీసాలే దిద్ది, పరంజా కొసన తనే కడతాడు. కిందికి దిగి చుట్ట ముట్టించి, దానికేసి తృప్తిగా చూసుకుంటాడు. ఇక ఆ పనిలో ఎవరికి ఏ దెబ్బ తగిలినా బాధ్యత దిష్టిదే. ఎర్రన్న పరంజా మీంచి జారి మోకాలు పగలగొట్టుకుంటే, "రోడ్డంట పోయినోడెవడో సూసినాడ్రా" అని తేల్చేశాడు. మొన్న ఇటుక పడి కూలి దాలమ్మ చేతివేళ్లు నలిగాయి.

"పన్లో దెబ్బ తగిల్తే కంట్రాక్టరే డబ్బులు ఇచ్చుకోవాలని సట్టముందట మావా" అందామె.

"సట్టం దెబ్బలకేనే. దిష్టికి లేదు" అన్నాడు మేస్త్రీ.

నిన్న ఇటుక వచ్చి మేస్త్రీ కాలి బొటనవేలి మీదే పడింది. వేలు వంకాయంత ఉబ్బింది. ఒంటికాలి మీద గెంతుకుంటూ కంట్రాక్టరు నరసింగరావు దగ్గరికెళ్లి వైద్యం ఖర్చు అడిగాడు. కూలీలంతా తట్టలు దించి వెనకాలే వెళ్లారు.

"అయ్యో, దిష్టేనా మేస్త్రీ?" అన్నాడు కంట్రాక్టరు ఎంతో జాలిగా.

అప్పలసూరి బొమ్మకేసి చూశాడు. వేలికేసి చూశాడు. దిష్టంటే పైసా రాదు.

"కాదు బాబూ" అన్నాడు చివరికి. "ఇటికే."

వెనక నుంచి దాలమ్మ గుడ్డ చుట్టిన చెయ్యి పైకెత్తింది.

"నాదీ ఇటికే మావా. అదే కుప్పలోది."

ఆమె పక్కన ఎర్రన్న అప్పటికే పంచె మోకాలి పైకి లాగుతున్నాడు.