కుడివైపు, ఇప్పచెట్టు కింద

"రోజూ సింహానికి దీపం పెడ్తవు, గల్లీ కుక్కను చూస్తే ఉరుకుతవు." పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన ఈ మాట మా ఆయన ఇప్పటికీ అంటూనే ఉంటారు. మా ఇలవేల్పు నరసింహస్వామి. పూజగదిలో ఆయన పటం ముందు పొద్దునా సాయంత్రమూ దీపం పెట్టి, కళ్లు మూసుకుని, ఆయన పేరు చెప్పుకుంటాను. గుట్ట మీది స్వామి గుడికి పోయినా అంతే. క్యూలో గంటలు నిలబడి, తీరా స్వామి ఎదుటికి వచ్చేసరికి నా కళ్లు వాటంతట అవే మూసుకుపోయేవి. చూడటానికని పోయి కళ్లెందుకు మూస్తవని మా ఆయన నవ్వేవారు. నాకు భక్తికీ భయానికీ కళ్లు మూసుకోవడం ఒక్కటే తెలుసు. ఆ రెండూ ఒకేనాడు నేర్చుకున్నాను.

మా నాన్న అడవిలో ఒక చిన్న స్టేషన్‌కు మాస్టరు. రోజుకు ఒకటో రెండో ప్యాసింజర్ బండ్లు ఆగేవి. బడి లేదు. డ్యూటీ దిగి వచ్చాక నాన్న నాకు లెక్కలు, ఇంగ్లీషు అక్షరాలు చెప్పేవారు. తెలుగు అమ్మ చెప్పింది, వంట చేస్తూ, బియ్యం చేటలో వేలితో రాయించి. నా చదువంతా ఆ రెండు గదుల క్వార్టర్‌లోనే అయిపోయింది. దానికి నేనెప్పుడూ చిన్నబోలేదు. అంత శ్రద్ధగా చదువు చెప్పే తల్లిదండ్రులు ఎందరికి దొరుకుతారు.

ఒక పొద్దున పట్టాల మీద ట్రాలీ తోసుకుంటూ ఒక గ్యాంగ్‌మన్‌ను ప్లాట్‌ఫారం దగ్గరికి తెచ్చారు. ముఖం మీద తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు తడిసి ఉంది. ఎలుగుబంటి కొట్టిందని ఎవరో అన్నారు. అమ్మ పరుగున వచ్చి వెనకనుంచి నా కళ్లు మూసింది. "స్వామి పేరు చెప్పుకో బిడ్డా" అంది. చెప్పుకున్నాను. అరచేయి తీసేసరికి ట్రాలీ వెళ్లిపోయింది. ఆ తరవాత నా బతుకులో ఏ జంతువు ఎదురుపడినా నేను చేసిన పని అదే.

మా ఆయన గూడ్సు బండి డ్రైవరు. లాలాగూడ క్వార్టర్లలో ఉన్నప్పుడు, లైనుకు పోయి వచ్చి అన్నం తింటూ, ఇంజన్‌లో సంగతులు చెప్పేవారు. కాజీపేట దాటి పైకి పోతే అడవి. ఇంజన్‌లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు చేయి చాపి దాని రంగు గట్టిగా చెప్పాలి. డ్రైవరు కూడా చూసి, చేయి చాపి, అదే మాట తిరిగి చెప్పాలి. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా, దారి ఎంత కంఠతా వచ్చినా, ఒకరు అనడం, ఒకరు అందుకోవడం తప్పదు. ఆయన దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లలకు ఒకటే చెప్పేవారట: కనబడనిది కనబడ్డదని అనొద్దు. కనబడకుంటే కనబడ్తలేదను, బండి ఆపుకుందాం, అంతే గాని ఊహించి చెప్పొద్దు.

అన్నేళ్లు ఆ అడవిలోంచి బండి నడిపినా ఆయన ఒక్క జంతువును కూడా తీరుగా చూడలేదు. చీకట్లో హెడ్‌లైటుకు మెరిసే కళ్లే చూశారు. అవి దేని కళ్లో తెలిసేలోపే బండి ముందుకు పోయేది. పగటిపూట, ఆగి, తీరికగా ఒక్కసారి చూడాలని ఆయనకు ఉండేది. రిటైరయ్యాక పోదామనుకునేవారు.

రిటైర్మెంటుకన్నా ముందే ఆయన కళ్లు ఇబ్బంది పెట్టసాగాయి. డాక్టర్లు నీటికాసులు, గ్లకోమా అన్నారు. చూపు చుట్టూతా అంచులనుంచి తరిగిపోతూ వచ్చింది. గొట్టంలోంచి చూసినట్టున్నదే అనేవారు. ఇంజన్ మీదినుంచి దింపి షెడ్‌లో కూర్చోబెట్టారు. రిటైరయి మేం మల్కాజ్‌గిరిలో ఇల్లు చేరేసరికి ఆ గొట్టం కూడా సన్నబడింది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమేనని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. చుక్కల మందు వేళ తప్పకుండా వేసేదాన్ని. ఆయన ఏడవలేదు, ఎవరినీ నిందించలేదు. కిందటి ఎండాకాలం మొదట్లో ఒక్కటే అడిగారు.

"ఉన్నప్పుడే జెర అడవి చూసొద్దాం. నువ్వు సుత రావాలె."

వద్దనడానికి నాకు నోరు రాలేదు. నేరేడ్‌మెట్‌లో ఉండే మా బిడ్డ ఫోన్‌లో అన్నీ చూసి గోదావరి అవతల అడవిలో ఒక కాటేజీ మాట్లాడింది. అమ్మా, జీపులో తీసుకుపోతరు, దిగేదే ఉండదు, పరేషాన్ కాకు అని నాకు పదిసార్లు చెప్పింది. నేను స్వామి చిన్న పటం, కుంకుమ భరిణె, చుక్కల మందు సంచిలో పెట్టుకున్నాను. సికింద్రాబాద్‌లో బండెక్కి మంచిర్యాలలో దిగాం. అక్కడినుంచి జీపు.

కాటేజీ రేకుల కప్పు మీద కొండముచ్చులు దబదబ దూకుతున్నాయి. లోపలికి పోగానే నేను కిటికీలు, తలుపు, బాత్‌రూం వెంటిలేటరు అన్నీ మూశాను. ఉక్కపోసి ఇద్దరం తడిసిపోయాం. "అడవికొచ్చి డబ్బాల కూసున్నం" అని ఆయన నవ్వారు. మధ్యాహ్నం తిరగ్గానే జీపు వచ్చింది. డ్రైవరు ఆ చుట్టుపక్కల మనిషే, నెమ్మదస్తుడు. నేను జీపెక్కినప్పుడు మూసిన కళ్లు కాటేజీ దగ్గర దిగేదాకా తెరవలేదు. స్వామి పేరు చెప్పుకుంటూనే ఉన్నాను. మధ్యలో జీపు ఆగింది. అగో సార్, కణుజు, పెద్ద జింక, కొమ్ములు చూడుండ్రి అని డ్రైవరు గుసగుసగా అన్నాడు. చూసిన, చూసిన, ఎంత పెద్దగున్నది అన్నారు మా ఆయన. ఆ మాట విని నా కడుపు చల్లబడింది. వచ్చిన పని అయిందని స్వామికి దండం పెట్టుకున్నాను.

సాయంత్రం ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను లోపల, కిటికీ జాలీ వెనక. ఎదురుగా కంచె, కంచెకు అవతల గడ్డి. చెట్లలోంచి దుప్పులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఒక మందే వచ్చింది. దుప్పిని చూసి భయపడేంత పిచ్చిదాన్ని కాను. జాలీ అడ్డం ఉంది కూడా. అందుకే చూస్తూ నిలబడ్డాను. వాటి వీపు మీద చుక్కలు ఎండలో మెరుస్తున్నాయి. ఒక పిల్ల తల్లి పొట్ట కిందినుంచి దూరి ఇటు వచ్చింది. ఆయన ఎంత సంతోషపడుతున్నారో అనుకున్నాను.

"ఇగో," అని ఆయన లోపలికి పిలిచారు. "పొద్దు వాలుతున్నది. ఒక్కటన్న రాకపాయె."

నేను కొంతసేపు కదలలేకపోయాను. తరవాత తలుపు గొళ్లెం తీసి బయటికి వెళ్లి ఆయన పక్కన కింద కూర్చున్నాను. మందలో ఒకటి తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ గడ్డిలో పెట్టింది.

"మీ ఎదురుంగనే ఉన్నయి," అన్నాను.

ఎంత దూరం అని ఆయన అడిగారు. మన వాకిట్ల గేటుకాడినుంచి తులసికోట ఉన్నంత దూరం అని చెప్పాను. ఆయన తల అటు తిప్పారు. దుప్పులు ఉన్న చోటికి కాదు, కొంచెం పక్కకు.

"మరి మధ్యాహ్నం కణుజు?"

"పాపం ఆ డ్రైవరు అంత ప్రేమతోని చూపెడ్తుండె. లేదంటే తక్లీఫ్ పడ్తడని."

ఊహించి చెప్పొద్దనే మా ఆయనే కనబడనిది కనబడ్డదని అన్నారు. అది నాకు చూపు పోవడం కన్నా ఎక్కువ బాధ అనిపించింది. ఎప్పటినుంచి ఇట్లా అని అడిగితే, దసరానుంచి వెలుతురూ నీడా తప్ప పెద్దగా లేదన్నారు. ఇన్ని నెలలు గోడ పట్టుకోకుండా, పళ్లెంలో కూరకోసం తడుముకోకుండా నా ముందు ఎట్లా నెట్టుకొచ్చారో. చెప్తే అడవి వద్దందువని చెప్పలేదన్నారు.

"కనబడనోనికి అడవెందుకు అందురు నలుగురు. నాకు రావాలనిపించింది. నువ్వుంటవు గద అనుకున్న."

నేను ఆయన మోకాలు మీద తల పెట్టుకున్నాను. ఏడుపు చప్పుడు కాకుండా చూసుకున్నాను గాని ఆయన పంచె తడిసే ఉంటుంది. చీకటి పడి దుప్పులు లోపలికి పోయేదాకా అట్లాగే ఉన్నాం. లేచేటప్పుడు ఆయన మామూలు గొంతుతో అన్నారు.

"రేపు పొద్దున నా అసిస్టెంట్‌వి నువ్వే. నువ్వు అను, నేను అందుకుంట."

బల్ల మీద స్వామి పటం పెట్టి దీపం వెలిగించాను. రేపు ఏ జంతువూ ఎదురుపడకూడదని మొక్కుకున్నాను. ఆ వెంటనే, ఒక్కటన్నా ఎదురుపడాలని మొక్కుకున్నాను. ఒక్క దీపం ముందు రెండు మొక్కులు. ఏది తీర్చాలో స్వామికే వదిలేశాను.

తెల్లారగానే జీపెక్కాం. ఇప్పపూలు రాలే రోజులు. ఆ తియ్యటి, కొంచెం పులిసిన వాసన చెట్లకన్నా ముందే మనల్ని చేరుతుంది. ఆయన గట్టిగా పీల్చి, వాసన మనకు ఫ్రీ అన్నారు. ఒక మలుపు దగ్గర డ్రైవరు ఇంజన్ ఆపి చేయి ఎత్తాడు. మాట్లాడలేదు.

నేను చూశాను. చూసిన మరుక్షణం కళ్లు మూసుకున్నాను. నల్లటి బొచ్చు, ఒక ముట్టె. ఆ తువ్వాలు నా కళ్ల వెనక కనబడింది. స్వామి పేరు నోట్లో తిరుగుతోంది. మా ఆయన ఏమీ అడగలేదు. కాని నాకు ఆనుకున్న ఆయన భుజం కదిలింది. మోకాలు మీదినుంచి చేయి లేచి ముందుకు సగం చాపి ఆగింది. ఏ దిక్కుకు చాపాలో తెలియక ఆగింది. ఇంజన్‌లో అసిస్టెంటు మాటకోసం అట్లాగే ఆగేవారేమో.

కళ్లు తెరిచాను.

"కుడి," అన్నాను. నా గొంతు నాకే సరిగా వినబడలేదు.

"కుడి," అన్నారు ఆయన. చేయి కుడివైపు తిరిగింది.

"ఇప్పచెట్టు కింద. ఎలుగుబంటి."

"ఇప్పచెట్టు కింద. ఎలుగుబంటి."

"తల కింద పెట్టి పూలు తింటున్నది."

"పూలు తింటున్నది."

"వీపు మీద పిల్ల ఉన్నది. బొచ్చు పట్టుకొని ఉన్నది."

దీన్ని ఆయన అందుకోలేదు. నేను పక్కకు చూడలేదు. చూస్తే మళ్లీ అటు తిప్పగలనన్న ధైర్యం లేదు. అంతలో అది తల ఎత్తింది. ఛాతీ మీద తెల్లటి మచ్చ, ముందుకాళ్లకు పొడుగాటి గోళ్లు. ఆ గోళ్లనే చూస్తూ, మనదిక్కు చూస్తున్నదని చెప్పాను. మనదిక్కు, అన్నారు ఆయన, నా చేయి పట్టుకుని. డ్రైవరు వేళ్లు తాళం మీద ఉన్నాయి. లోపల స్వామి పేరు సాగుతూనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక కళ్లు తెరిచి ఆ పేరు చెప్పుకోవడం అదే మొదటిసారి.

అది మళ్లింది. పిల్లతో సహా, ఏ తొందరా లేకుండా, పొదల్లోకి నడిచింది. అదీ చెప్పాను.

"ఇగ కనబడ్తలేదు," అన్నాను చివరికి.

"కనబడ్తలేదు," అన్నారు ఆయన. ఆ మాట ఆయన ఎంత మెల్లగా అన్నారో నేను రాయలేను.

డ్రైవరు వెనక్కి తిరిగి సంబరంగా, చూసిండ్రా సార్ అని అడిగాడు. మా ఆయన కాసేపు ఆలోచించారు.

"లేదు," అన్నారు. "ఆమె చూసింది."

వానలు పడే కాలానికి ఉన్న కాస్త వెలుతురు కూడా పోయింది. చుక్కల మందు సీసా ఒకటి తెరవకుండానే మిగిలిపోయింది. నేను దాన్ని పారేయలేక పూజగది అలమారలో పెట్టాను. స్వామి నా రెండో మొక్కే తీర్చాడు. ఎందుకు తీర్చాడని అడగను. ఆ తల్లి ఎలుగు మమ్మల్ని ఏమీ అనకుండా పోయినందుకు రోజూ ఒక దండం పెట్టుకుంటాను. నా భయం మాత్రం పోలేదు. గల్లీ మలుపులో కుక్కలుంటే ఇప్పటికీ వెనక్కి తిరగబోతాను. కాని ఆయన చేయి నా భుజం మీద ఉంటుంది, ఉరకడానికి లేదు. ఎడమ, కుక్క, పండుకున్నది అంటాను. ఎడమ, పండుకున్నది అంటారు. దాటుతాం. మొన్న గుట్టకు పోయినప్పుడు స్వామి ఎదుట కూడా కళ్లు మూయలేదు. మా ఆయనకు చెప్పాలి కదా. వెనకనుంచి జనం తోస్తుంటే, ఎదురుగ, దీపం, తులసిమాల అని ఒక్కొక్కటే చెప్పాను. అన్నేళ్లు మొక్కినా స్వామి కళ్లు ఎంత పెద్దవో నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటికి ఎవరొచ్చినా ఆయన ఎలుగుబంటి సంగతి చెప్తారు. అందరూ పోయాక, సాయంత్రం వరండాలో, అవతల లోకల్ బండి చప్పుడు వింటూ, ఇంకోసారి చెప్పమంటారు. నేను మొదటినుంచీ చెప్తాను. ఆయన అందుకుంటారు. పిల్ల మాట దగ్గర మాత్రం ఇప్పటికీ ఊరుకుంటారు. నిన్న మొదటిసారి దాని గురించి అడిగారు.

"ఆ పిల్ల మనదిక్కు చూసిందా?"

చూసిందని చెప్తే ఆయనకు ఎంత బాగుండేదో నాకు తెలుసు. కాని అప్పుడు నేను తల్లి గోళ్లనే చూస్తున్నాను. పిల్ల ఎటు చూసిందో ఎంత తలచుకున్నా రాదు. ఇక తెలుసుకునే దారీ లేదు.

"నేను చూడలేదు," అన్నాను.

ఆయన తల ఊపారు.

"మంచిది. చూడకుంటే చూడలేదనే అనాలె," అన్నారు. నా చేయి వెతుక్కుని పట్టుకున్నారు. "మల్ల మొదటి నుంచి చెప్పు."

"కుడి," అన్నాను.