చిన్నపుల్లయ్య తిన్న రోమ్

చిన్నపుల్లయ్య చేతులు పిండిలో దిగాయంటే నోరు రోమ్‌లో దిగినట్టే. ఆ రోజూ ఖైతాన్ పేటలోని గదిలో రొట్టెల పిండి పిసుకుతూ, "రోమ్‌లో పిండి కలిపేటప్పుడు ఎవురూ పక్కన నిలబడి గొణగరు" అన్నాడు.

"నీ రోమ్ పాడుగాను. ముందు ఉప్పెయ్యి" అంది అదే గదిలో ఉండే కుల్సుమ్ బీ.

ఒక ఎండాకాలం, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబం రోమ్ పోతూ వంటకని అతన్ని వెంట తీసుకెళ్ళింది. వారం రోజులు. ఆ వారం ఏళ్ళ తరబడి అతని నోట్లో ఊరుతూనే ఉంది. టమోటా కోస్తే, అక్కడి టమోటా కోయకముందే పులుసవుతుందనేవాడు. పన్ను నొప్పి పుడితే, రోమ్‌లో తిన్న చీజు ముక్క ఇంకా ఇరుక్కునే ఉందని డాక్టరుతో వాదించాడు.

పొరుగు నుంచి ఇరాక్ సైన్యం దేశంలో దిగిన ఆ ఆగస్టులో వెంకటేశ్వరి ఆ గదికి చేరింది. జాబ్రియాలో ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు 'మామా' వాళ్ళు సెలవులకు విదేశం పోయి అక్కడే ఉండిపోయారు. అంత పెద్ద ఇంట్లో ఫ్రిజ్ మోత వింటూ ఒక్కతే ఉండలేక, ఆ గదిలోనే ఉండే డ్రైవర్ మాబు కారులో, తనకు తెలిసిన కుల్సుమ్ బీ దగ్గరికి వచ్చేసింది. ఫోన్లు తెగిపోయాయి. తాను బతికి ఉన్నదీ లేనిదీ రాయచోటిలో పిల్లలకు తెలియదు. వీధిలో ఏ అలికిడీ లేదు. తన గాజుల చప్పుడే తనకు పెద్దగా వినబడేది. ఆ దిగుల్లో రోమ్ కబుర్లు చెవి దగ్గర ఈగలా ఉండేవి.

పైగా చిన్నపుల్లయ్య రొట్టెలు కాల్చి ముగ్గురికీ పెట్టి, తాను ఒక ఖర్జూరం చప్పరిస్తూ కూర్చునేవాడు.

"నువ్వు తినవాన్నా?"

"రోమ్ తిన్న నోరు పాపా. ఈ రొట్టె దిగదు."

"నోరు రోమ్‌లో ఉంది, లుంగీ ఖైతాన్‌లో జారిపోతాంది" అనేవాడు మాబు.

'ఎంత నిక్కు' అనుకునేది వెంకటేశ్వరి.

ఒక సాయంత్రం మాబు కబురు తెచ్చాడు. "రేపు పొద్దున మనోళ్ళను ఊరికి పంపే బస్సు. ఆడోళ్ళకు ముందు. బాగ్దాద్ మీదుగా జోర్డాన్. దావలో తిండి దొరకదంట, ఎవురిది వాళ్ళు తెచ్చుకోవల్ల."

కుల్సుమ్ బీ పిండి డబ్బా బోర్లించింది. పిడికెడు కూడా రాలలేదు. అంగళ్ళు ఎప్పుడో ఖాళీ అయ్యాయి.

"నేను పోనులే. ఉత్త కడుపుతో ఎడారిలో పడిపోయేకన్నా ఈడుండేదే మేలు" అంది వెంకటేశ్వరి.

చిన్నపుల్లయ్య లేచి, తన దిండు తెచ్చి కుట్లు విప్పాడు. దిండు నిండా గోధుమపిండి. రోజూ పొద్దున అతని చెవుల వెనక తెల్లగా ఎందుకుంటుందో అందరికీ అప్పుడు తెలిసింది.

"యాడిదన్నా ఇంత పిండి?"

"నా వంతే. రోజూ నలుగురికి కొలుస్తాంటి, ముగ్గురికి పిసుకుతాంటి. దావ ఖర్చుకు ఉంటాదని."

కుల్సుమ్ బీ స్టవ్ వెలిగించింది. అతను మందంగా రొట్టెలు ఒత్తి, ఒకసారి కాల్చి, ముక్కలు కోసి, తేమంతా పోయేదాకా మళ్ళీ కాల్చాడు.

"ఈ పని రోమ్‌లో నేర్చినావా?" అడిగింది వెంకటేశ్వరి.

"ఆడ వారమంతా కఫీల్ బాబా వాళ్ళకు మచ్బూస్ మాంసమన్నం వండేదానికే సరిపాయ. ఓటళ్ళు అద్దాల్లోంచి చూసినా, అంతే."

"మరి పంట్లో ఇరుక్కున్న చీజు?"

"పుచ్చుపన్ను పాపా."

వెంకటేశ్వరి నవ్వింది. ఆ గదికి వచ్చాక నవ్వడం అదే మొదలు. ఒక ముక్క తీసి అతని చేతిలో పెట్టి, "నువ్వు తింటేనే నేను మూట తీసుకునేది" అంది.

అతను చాలాసేపు నమిలాడు.

"ఎట్లుందన్నా?"

"గట్టిగుంది. దావలో చెడదు" అని, మిగిలినవన్నీ దిండు గలీబులో పోసి, మూతి బిగించి కట్టి, ఆమె చేతుల్లో పెట్టాడు.