నాలుగో నంబరు మీద మొదటి ఆరోపణ

ఐదు ఆటల్లో ఒక్కటే గెలుపు. ఫుట్‌బాల్ లీగు మొదలై నెల తిరగకముందే జట్టు అట్టడుగుకు జారింది. కారణమెవరో లాండ్రీ అక్కకు తెలుసని అభిమానులంతా నమ్మారు.

జట్టు బట్టలు ఉతికేది ఆమే. మోకాళ్ళ దగ్గర పచ్చిగడ్డి మరక ఉంటే బంతి కోసం పడ్డాడని, వీపున ఉప్పుచారలుంటే పరుగెత్తాడని సోమవారం పొద్దున్నే తీర్పు చెప్పేసేది. డిఫెన్స్‌లో ఆడే నాలుగో నంబరు బట్టలు ఐదుసార్లూ మడత నలగనంత శుభ్రంగా వచ్చాయి. “ఆడటానికి వెళ్ళాడా, ఫోటో దిగడానికి వెళ్ళాడా?” అని ఆమె అన్న మాట బస్సులెక్కి తిరిగింది. తిప్పినవాడు ఆమె మరిదే. అతడు కండక్టరు, అభిమానుల సంఘానికి కార్యదర్శి కూడాను. నాలుగో నంబరును జట్టులోంచి తప్పించాలని అతడు రాసిన అర్జీలో మొదటి ఆరోపణ వదినది: ‘ఒళ్ళు వంచడు.’ కింద అరవై సంతకాలు, అన్నింటికీ పైన ఆమెది. శనివారం ఆట కాగానే మేనేజరుకు ఇవ్వాలి.

ఆ శనివారం లాండ్రీలో బాయిలరు మొరాయించింది. మధ్యాహ్నమే సెలవు దొరకడంతో అక్క కాలు నిలవక మైదానానికి వెళ్ళింది. ఆట కళ్ళారా చూడటం ఆమెకదే మొదటిసారి. అంతవరకూ ప్రతి శనివారమూ లాండ్రీకి వచ్చే ఆస్పత్రి దుప్పట్లు ఉతకడానికే సరిపోయేది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

నాలుగో నంబరు కాలికి బంతి తగిలితే చాలు, వెక్కిరింపు ఈలలు. “ఒళ్ళు వంచరా!” అని వెనక వరసలో ఎవరో అరిచారు. అక్క లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. అతడు పడటం లేదు, నిజమే. పడాల్సిన అగత్యమే రానివ్వడం లేదు. బంతి ఎటు రాబోతోందో ముందే పసిగట్టి, అక్కడ నిలబడి, కాలి కొసతో లాగేసుకుంటున్నాడు. మరకలు చూసి ఆమె నెలంతా మెచ్చుకున్న తొమ్మిదో నంబరేమో గాలి తగిలినా దొర్లి, రిఫరీ వంక చూస్తున్నాడు.

ఆట ముగియవచ్చే వేళకు ఈలలు హోరెత్తాయి. తట్టుకోలేక కాబోలు, నాలుగో నంబరు తన చోటు వదిలి బంతి మీదికి దూకాడు. బంతి అందలేదు. అతడు వదిలిన చోటునుంచే గోలు పడింది.

అక్క జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. మేనేజరు గది మెట్ల మీద మరిది దొరికాడు.

“ఆ కాగితం ఇవ్వకయ్యా.”

“ఇదేంటి వదినా! నిప్పు పెట్టిందీ నువ్వే, నీళ్ళు పొయ్యమనేదీ నువ్వేనా? అరవై సంతకాలు!”

“అరవై మందీ నా మాట చూసి పెట్టారు. నేనేం చూసి చెప్పాను?”

గొడవకు తలుపు తెరుచుకుంది. మేనేజరు ఇద్దరినీ చూశాడు.

“సార్, ఇందులో మొదటి మాట నాది. అది తప్పు.”

“తప్పని ఎలా తెలిసింది?”

“ఇవాళ ఆట చూశాను.”

“మరి అంతకుముందు ఐదు?”

మరిది ఆమె వంక తిరిగాడు. మెట్ల కింద సంఘం వాళ్ళు పదిమంది చెవులు రిక్కించారు.

“ఒక్కటీ చూడలేదు.”

ఎవరో పగలబడి నవ్వారు. “అయ్యో అక్కా, నిన్ను నమ్మి గొంతు చించుకున్నామే!” అని ఇంకెవరో అన్నారు. ఆమె ముఖం కందిపోయింది. అయినా మెట్టు దిగలేదు. మరిది చేతిలోంచి అర్జీ లాక్కుని, అన్నింటికీ పైనున్న తన సంతకం మీద బొటనవేలు పెట్టి, మేనేజరు జేబు వైపు రెండో చెయ్యి చాచింది.

“పెన్ను ఒకసారి ఇస్తారా సార్?”