చంపుడు లేని అష్టాచెమ్మా

మా దాన్ని వృద్ధాశ్రమం అనకూడదట. ‘సీనియర్ లివింగ్’ అనాలట. సూర్యాపేట బైపాస్ పక్కన ఉంటుంది. ఇక్కడ మమ్మల్ని ఆడించడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టారు. పేరు సుధీర్, ఊరు కోదాడ, ఉద్యోగం యాక్టివిటీ ఇన్‌చార్జి. ముసలివాళ్లంటే పెద్ద సైజు పసిపిల్లలని అతనికి ట్రైనింగులో ఎవరో చెప్పి ఉంటారు. పొద్దున్నే చప్పట్లు కొట్టిస్తాడు. తర్వాత మా మీదికి బెలూన్ విసురుతాడు. పట్టుకున్నవాళ్లను “సూపర్ అండీ” అంటాడు. బెలూన్ పట్టుకోవడం కూడా ఒక ఘనకార్యమేనా? నాకైతే ఒళ్లు మండుతుంది.

తిరుమలగిరిలో జీవితమంతా పత్తి పండించిన గౌరయ్య చేతిలో ఒకరోజు పిడికెడు దూది పెట్టి, కాగితం మీది గొర్రెపిల్లకు అంటించమన్నాడు. గౌరయ్య ఆ దూదిని వేళ్లతో సాగదీసి చూసి, “నాసిరకం” అని పక్కన పడేశాడు. మిగిలిన మేమందరం బుద్ధిగా అంటించాం. మా గొర్రెలు ఫొటోలు కూడా దిగాయి.

సుధీర్‌కు కొరకరాని కొయ్య ఒక్క ఆండాలే.

ఆండాలుది పెన్‌పహాడ్. మొగుడు పోయాక సూర్యాపేట బస్టాండు దగ్గర చాయ్ హోటల్ పెట్టి, లారీ డ్రైవర్లతోనూ మున్సిపాలిటీ వాళ్లతోనూ తగాదాలు పడుతూ ఏళ్ల తరబడి నడిపింది. మోకాళ్లు అరిగాక హోటల్ అమ్మేసి, తనే ఆటో ఎక్కి వచ్చి ఇక్కడ చేరింది. వెంట తెచ్చుకున్న వాటిలో ఆట లేనప్పుడు ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వనివి నాలుగు గవ్వలు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో హోటల్ గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, ఎవరు దొరికితే వాళ్లతో అష్టాచెమ్మా ఆడేదట. ఏ డ్రైవరు ఎంత ఏడుపు ముఖంతో లేచిపోయాడో ఇప్పటికీ మురిసిపోతూ చెబుతుంది. జాలి చూపడం ఆమెకు చేతకాని పని.

ఆమెకు తగిన జోడీ జానమ్మ. మిర్యాలగూడలో ఒక దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. ప్రార్థన చేసుకున్న నోటితోనే ఆటలో తొండి చేస్తుంది. అన్నాలు తిన్నాక ఇద్దరూ గవ్వలు పట్టారంటే వరండా అంతా తిట్లే.

మొన్నటి చలికాలంలో జానమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. దవాఖాన నుంచి వచ్చాక గోడవైపు తిరిగి పడుకుంటోంది, ఎవరితోనూ మాట్లాడదు. హాలుకు రానివాళ్లను మేనేజ్‌మెంటువాళ్లు పైఅంతస్తుకు మారుస్తారు. పైన ఉండేవి మంచాలు, సెలైన్ సీసాలు. అలా పైకి వెళ్లినవాళ్లెవరూ మళ్లీ హాల్లో కూర్చోవడం నేను చూడలేదు. జానమ్మను సోమవారం మారుస్తామన్నారు.

ఆదివారం సుధీర్‌కు ఒక ఆలోచన వచ్చింది. అష్టాచెమ్మా ఆడిస్తే జానమ్మకు హుషారొస్తుందట. పోనీలే, ఒక్కటైనా పనికొచ్చే మాట అన్నాడనుకున్నాను. అంతలో ఆ గళ్లను ఫ్లెక్సీ మీద ప్రింటు చేయించుకొచ్చాడు. నడిమి గడిలో మా ఓనరు ఫొటో! గవ్వలైతే మింగేస్తామని స్పాంజి పాచిక. ఆపైన ఒక రూలు.

“ఎవరూ ఎవరి కాయనూ చంపకూడదండీ. పెద్దవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. అందరం గెలుద్దాం!”

అవతలివాళ్ల కాయనొకదాన్ని చంపితే తప్ప అష్టాచెమ్మాలో లోపలి గళ్లలోకి అడుగుపెట్టనివ్వరు. లోపలికి పోని కాయ పండదు. ఈ మహానుభావుడికి ఆ ముక్కే తెలియదు. అందుకని మా కాయలన్నీ బయటి గళ్ల చుట్టూ ఊరికే తిరిగాయి. జానమ్మను కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టి, ఆమె పాచికా అతనే వేశాడు, కాయా అతనే జరిపాడు. చివరికి ఆ కాయను ఎత్తి ఓనరు ముఖం మీద పెట్టి, “జానమ్మగారు గెలిచారు!” అన్నాడు. మేమంతా సిగ్గులేకుండా చప్పట్లు కొట్టాం. జానమ్మ కళ్లు మూసుకుంది.

ఆండాలు చప్పట్లు కొట్టలేదు. కొంగుముడి విప్పి, గవ్వలు తీసి జానమ్మ ఎడమచేతిలో పోసింది.

“ఎయ్యి,” అంది.

“ఆవిడ వల్ల కాదండీ, నేను వేస్తాను,” అన్నాడు సుధీర్.

“నువ్వు జర పక్కకు జరుగు. ఏయ్ జానమ్మా, ఎయ్యవే. ఎడమచెయ్యి మంచిగనే ఉన్నది గదా!”

గవ్వలు జారి నేలంతా దొర్లాయి. ఆండాలు ఏరి మళ్లీ ఇచ్చింది. ఈసారి పడ్డాయి. జానమ్మ కళ్లు తెరిచి, తన కాయను తనే వేలితో నెట్టింది. అలా నెట్టుకుంటూ నెట్టుకుంటూ ఒక చుట్టు దాదాపు పూర్తిచేసింది. అప్పుడు ఆండాలుకు మూడు పడింది. జానమ్మ కాయ ఆమె కాయకు సరిగ్గా మూడో గడిలోనే ఉంది. వేరే కాయ జరపొచ్చు. పాపం వదిలేస్తుందనే అనుకున్నాను. ఆండాలు టక్కున చంపి, ఆ కాయను జానమ్మ ఒళ్లోకి విసిరి పకపకా నవ్వింది.

అంతసేపూ ఫోన్‌లో తీస్తున్న వీడియోను సుధీర్ ఆపేశాడు. “ఏంటమ్మా ఇది! అసలే ఒంట్లో బాగాలేని మనిషి. సారీ చెప్పండి.”

“సారీనా? అది ఓడిపోనీకి గూడ పనికిరాదనుకున్నవా?” అంది ఆండాలు.

జానమ్మ ముఖం ఎర్రబడింది. వంకరపోయిన పెదవిని కష్టపడి కదిపింది. “దొం… దొంగదానా,” అంది. దవాఖాన నుంచి వచ్చాక ఆమె నోరు తెరవడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ ఆట ఆండాలే గెలిచింది. ఒక్క గడి కూడా వదిలిపెట్టలేదు.

సోమవారం పొద్దున పైఅంతస్తు నుంచి చక్రాల కుర్చీ వచ్చేసరికి జానమ్మ మంచం మీద లేదు. గోడ పట్టుకుని నడిచొచ్చి, హాల్లో ఫ్లెక్సీ ముందు కూర్చుని ఉంది. “ఆండాలును… పిలువుండ్రి,” అంటోంది. కుర్చీ తోసుకొచ్చిన ఆయా గుమ్మంలోనే ఆగిపోయింది. ఆండాలు ఇంకా స్నానం చేస్తోంది. సుధీర్ సంబరపడిపోతూ స్పాంజి పాచిక పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

“రండి జానమ్మగారూ, ఈలోగా మనం ఆడదాం!”

జానమ్మ ఆ పాచికను ఎడమచేత్తో పక్కకు నెట్టేసింది.

“నీతోని… ఏమాడుత బిడ్డా. నువ్వు కావాలని… ఓడిపోతవ్.”