నోరు తెరిచి చూపిన కుక్క

ఎవరో కొత్తమనిషి వచ్చి మా కుక్క పెదవులను రెండు వేళ్ళతో పైకెత్తి పళ్ళు చూశాడు. అది ఊరకుంది. పైగా తోక ఆడించింది. అనంతపురంలో ఒక కాలేజీ మైదానంలో, షామియానా కింద, అంతమంది ముందు జరిగిన ఆ పనికి జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం నలుగురిలో నిలబెట్టి మొహాన ఉమ్మినట్టయింది.

ఎందుకో చెప్తాను. మాది ముదిగుబ్బకు అవతల గుట్టల పక్కన మెట్ట ఊరు. వాన పడితే వేరుశెనగ, పడకపోతే జీవాలు. జీవాలంటే మా దిక్కున గొర్రెలూ మేకలూ. వానను నమ్మి చెడినవాళ్ళు ఇంటికొకరున్నారు గానీ జీవాలను నమ్మి చెడినవాళ్ళు తక్కువ. జీవాలున్నచోట తోడేలుంటుంది, తోడేలున్నచోట కుక్క ఉండి తీరాలి. మా నాయన కాలం నుంచి ఒకే వరస కుక్కలు మా మందను కాశాయి. తల్లి పోతే కూతురు, అది పోతే దాని కూతురు. ఎర్రమన్ను రంగు, వెడల్పు తల, మెడ చుట్టూ ముతక జూలు. చూడ్డానికి ఏమంత బాగుండేవి కావు. బాగుండాలని మేము కోరుకున్నదీ లేదు.

మంద కుక్కను పెంచే తీరే వేరు. కళ్ళు తెరిచీ తెరవకముందే పిల్లను తెచ్చి, ఈనిన పిల్ల చచ్చిపోయిన గొర్రె పక్కన వేస్తాం. ఆ గొర్రె పాలే పిండి దాని ఒళ్ళంతా పూస్తాం. గొర్రె మొదట తంతుంది. కాళ్ళు పట్టుకుని తాపించాలి. నాలుగు రోజులు పోతే అదే పిలుచుకుంటుంది. కుక్కపిల్లను ఎవరూ నిమరరు, ఒళ్ళోకి తీసుకోరు. సంగటి ముద్ద రాతి తొట్టిలో వేసి వెనక్కి తిరిగి వచ్చేయడమే. పేరు కూడా పెట్టరు. పేరు పెడితే కుక్క మనిషిదవుతుంది, పెట్టకపోతే మందదవుతుంది అనేవాడు నాయన. అట్లా పెరిగినది మనుషుల కేసి చూడదు. గొర్రెలకు వీపు పెట్టి, గుట్టకు మొహం పెట్టి కూర్చుంటుంది. ఊరికి కొత్త అల్లుళ్ళు వస్తే మొదట చెప్పే మాట ఒకటే: మామ ఇంట్లో ఏదైనా ముట్టుకో నాయనా, దొడ్డి కాడ కుక్క జోలికి మాత్రం పోవద్దు.

మైదానంలో పళ్ళు చూపించింది ఆ వరసలో ఆఖరిది. దాని తల్లిని పాము కరిచింది. మిగిలింది ఈ ఒక్క ఆడపిల్ల. అది గొర్రె పాలు తాగుతున్న రోజుల్లోనే నేను కంటి ఆపరేషన్‌కు పోయాను. కట్టు విప్పించుకుని ఊరికి వస్తే దొడ్డిలో పిల్ల లేదు. తమ్ముడి కొడుకు టౌనుకు తీసుకుపోయాడు. వాడికి అక్కడ బోరు బండ్ల వ్యాపారం, రాజకీయాల్లోనూ ఒక కాలు. ఇచ్చి పంపింది మా తమ్ముడే.

"పిల్లోడు ముచ్చట పడినాడులే అన్నా" అన్నాడు.

ఆ పిల్లోడికి అప్పటికే సగం తల నెరిసింది. నా కంటికి చూపొచ్చింది, మందకు కన్ను పోయింది. ఆ తర్వాత ఊరకుక్కలతో నెట్టుకొచ్చాను. అవి తోడేలును చూసి మొరుగుతాయి. మొరుగుతూనే నా కాళ్ళ వెనక్కి వస్తాయి.

కుక్కల పోటీకి రమ్మని వాడే పిలిపించాడు. మన ఇంటి కుక్క గెలుస్తుంటే పెద్దదిక్కు ఉండాలట. పోయాను. దాన్ని చూసి గుర్తు పట్టలేకపోయాను. ఒళ్ళంతా మెరుస్తోంది. గోళ్ళు గీసినట్టున్నాయి. మెడలో తోలు పట్టా.

"ఏం పెద్దనాయనా, ఎట్లుండాది మన కుక్క?"

"కుక్కనా? నేను పెండ్లికూతురనుకుంటి. తలకు నూనె పెట్టినావు, పూలు మరిచిపోయినావు."

"నూనె గాదు, షాంపూ."

గేటు కాడ ఒక కరపత్రం ఇచ్చారు. నేను బడికి పోయినవాణ్ణి కాను. జీవాల వెనక తిరుగుతూ, ఊరికి వచ్చిన పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. అందుకే చేతికొచ్చిన కాగితాన్ని ఊరికే పారేయను. మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఎత్తు రాశారు, రంగు రాశారు, పళ్ళ వరస, తోక వంపు, నడక తీరు రాశారు. కుక్క ఏం చేస్తుందో మాత్రం ఎక్కడా రాయలేదు.

జడ్జి బెంగళూరు నుంచి వచ్చాడు. మాట మాత్రం మన దిక్కుదే. వాడు పళ్ళు చూసి, పక్కటెముకలు తడిమి, తోక ఎత్తి చూస్తుంటే నాకు నోరాగలేదు.

"సామీ, అది ఏం పని చేస్తాదో అడగవా?"

తమ్ముడి కొడుకు తల దించుకున్నాడు. జడ్జి నా వైపు తిరిగాడు.

"పని చూసేదానికి ఈడ గొర్రెలు యాడుండాయి పెద్దాయనా? ఈడ చూసేది అందమే."

"నాగలి కట్టకుండా ఎద్దును మెచ్చుకున్నట్టుండాది గదప్పా!"

జనం నవ్వారు. జడ్జి కూడా నవ్వాడు. "నిజమే పెద్దాయనా" అన్నాడు. అని, మా కుక్క మెడకే రిబ్బను కట్టాడు. వాడు నాతో జగడానికి వచ్చినా ఇంత మండేది కాదు. నిజమని తెలిసీ కట్టాడు చూడండి, ఆ రిబ్బను.

మరుసటి వారానికి టౌనులో ఫ్లెక్సీ లేచింది. తమ్ముడి కొడుకు చేతులు జోడించి ఉన్నాడు, పక్కన కుక్క, నడుమ కప్పు. ఆ బొమ్మలో పనీపాటా తెలిసిన మొహం ఒక్కటీ లేదు.

అయినా నేను ఆశ వదులుకోలేదు. చెడింది పెంపకమే, రక్తం కాదు. పెంపకాన్ని మళ్ళీ పిల్లల దగ్గర మొదలుపెట్టుకోవచ్చు. కుందుర్పి దగ్గర మా వియ్యంకుడి మందలో ఒక మగకుక్క ఉంది. తోడేలుతో కలబడి గొర్రెను విడిపించుకున్నది. దీన్ని దానితో ఒక్కసారి జత కట్టిస్తే, ఒక్క ఆడపిల్ల నా చేతికి వస్తే, నాయన వరస నిలబడుతుంది. నాకు కావలసింది అంతే. కుక్క ఎదకు వచ్చిందని తెలిసి టౌనుకు పోయి అడిగాను.

"ఆ చెవులు తెగిన కుక్కతోనా పెద్దనాయనా? పుట్టే పిల్లల్ని చూసి జనం నవ్వరా?"

"దాని చెవులు కోసింది మంగలోడు గాదురా, తోడేలు."

"కప్పు గెల్చినదానికి కప్పు గెల్చినదే జత. బెంగళూరు నుంచి తోలుకొస్తాండారు. పిల్లలు పుట్టకముందే అడిగిపెట్టుకుంటాండారు జనం."

"నాకొక్క కాన్పు ఇయ్యి. తర్వాత దాన్ని మైసూరు మహారాజు కుక్కకు కట్టుకో, అడగను."

"నీ తర్వాత ఆ మందను తోలేదెవరు? ఊర్లో జీవాలుండేది ఎంతమందికి? జీవాలే పోతాంటే జీవాల కుక్క ఎందుకు పెద్దనాయనా?"

కోపమొచ్చింది గానీ ఆ మాట అబద్ధమని అనలేకపోయాను. మా ఊర్లో దొడ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. కానీ నా దొడ్డి ఖాళీ కాలేదు. ఆ ముందు నెలలోనే తోడేలు దాంట్లోంచి గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. అది వాడికీ తెలుసు.

బెంగళూరు కుక్క ఏసీ కారులో దిగింది. పొడుగు మూతి, సన్న నడుము, నేల తగిలితే నొప్పి పుడుతుందేమో అన్నట్టు అడుగులు. దాన్ని కాంపౌండులోకి వదిలారు. మా కుక్క ఒకసారి వాసన చూసింది. మెడ పట్టి ఒక్క విదిలింపు విదిలించింది. కప్పుల వీరుడు అరుస్తూ పోయి కారు కింద దూరాడు. ఇద్దరు మనుషులు బోర్లా పడుకుని బిస్కెట్ చూపించి బతిమాలినా బయటికి రాలేదు. ఎన్నేళ్ళ తర్వాతో కడుపారా నవ్వాను. పళ్ళు చూపించిన ఆ కుక్కలో ఇంకా మా దొడ్డి మిగిలే ఉంది!

ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. డాక్టరును పిలిపించి, ఆవులకు వేసినట్టు చూలు కట్టే సూది వేయించారు. మూతికి గుడ్డ కట్టి, నలుగురు పట్టుకుని. కుక్క కాపలా కాయదు, వేటాడదు, చివరికి ఈ పని కూడా దాని చేత చేయించరు. మరి కుక్క ఎందుకప్పా? మట్టి బొమ్మ చేయించి గేటు కాడ పెట్టుకోరాదా?

ఈనిందని తెలియగానే మళ్ళీ పోయాను. సిగ్గు విడిచే పోయాను. సగమైనా మా రక్తమే కదా. కళ్ళు తెరవని పిల్లల్ని చూసి మంచిచెడ్డలు చెప్పలేం. అన్నీ ఎలుకపిల్లల మాదిరే ఉంటాయి. ఒక ఆడపిల్ల తోక మాత్రం మధ్యలో విరిగినట్టు వంకర తిరిగి ఉంది. వాడు దాన్ని కాలి బొటనవేలితో పక్కకు జరిపాడు.

"ఇది పనికిరాదు. జడ్జి చూస్తే తోసేస్తాడు. కావాలంటే ఎత్తుకపో పెద్దనాయనా."

గుడి ముందర బిచ్చగాడికి వేసినట్టు అన్నాడు. నువ్వే ఉంచుకోరా నీ ఎంగిలి, అని వచ్చేయాలనిపించింది. కానీ కోపం నాది, అవసరం మందది. పిల్లను టవలులో చుట్టుకుని బస్సెక్కాను.

పిల్ల పోయిన గొర్రె ఒకటి ఉంది. పాలు పూశాను. తన్నింది. కాళ్ళు పట్టుకుని తాపించాను. పాత పద్ధతే, కొత్తదేమీ లేదు. కొన్నాళ్ళకు గొర్రె దాన్ని నాకడం మొదలుపెట్టింది. పిల్ల ఎదిగింది. మూతి సన్నగానే సాగుతోంది, కాళ్ళు జొన్నదంట్ల మాదిరే ఉన్నాయి. నాకు నచ్చలేదు. అయినా గొర్రెల మధ్యనే పడుకుంటోంది, మనిషి పిలిస్తే రాదు. అంతవరకు సరే.

అది గొర్రెపిల్లంత ఎత్తు పెరిగిన రోజుల్లో దొడ్డి ముందు కారు ఆగింది. తెల్లబూట్లతో తమ్ముడి కొడుకు దిగాడు.

"పెద్దనాయనా, ఆ పిల్ల కావల్ల. మాట ఇచ్చిన పిల్లొకటి సచ్చిపోయింది. అవతలోడు పెద్దమనిషి, ఊరుకోడు."

"తోక వంకర గదరా?"

"ఆపరేషన్ చేస్తే తిన్నగా వస్తాదంట. ఎవరికీ తెలీదు."

"నువ్వు పారేసింది గదా అది!"

"పారేసింది యాడ? నీ దగ్గర పెట్టినా."

ఆ మాటకు నా చేతిలో కర్ర ఉన్నా లేవలేదు. అంత సిగ్గులేని మాటకు కర్ర కూడా దండగ.

"సరేరా. అది లోపలే ఉండాది. పట్టుకో, తీసుకపో."

వాడు కంప జరిపి దొడ్డిలోకి దిగాడు. ఈల వేశాడు, చిటికెలు వేశాడు, బిస్కెట్ పొట్లం విప్పాడు. గొర్రెలన్నీ ఒక మూలకు తోసుకున్నాయి. పిల్ల వాటి మధ్యకు పోయి, తనకు పాలిచ్చిన గొర్రె కడుపు కింద దూరింది. వాడు ఇటు పోతే మంద అటు, అటు పోతే ఇటు. ఆ గొర్రె మాత్రం వాడికి ఎదురు తిరిగి నేల తన్నింది. ఈ సందులో మేకపోతు ఒకటి బిస్కెట్ పొట్లాన్ని కాగితంతో సహా నమిలింది. వాడు దాన్ని లాక్కోబోయి పెంటికల మీద జారి మోకాళ్ళ మీద పడ్డాడు.

"నవ్వు పెద్దనాయనా, నవ్వు! చూడు బాగా. గొర్రె కడుపు కింద దాక్కునేది తోడేలును తరుముతాదా? నీకూ పనికిరాదు అది!"

ఆ మాట మాత్రం నా గుండెలో దిగింది. కొన్నాళ్ళుగా నేను నాలో అనుకుంటున్నదే అది. ఈ పిల్ల వచ్చాక తోడేలు ఇంకా రాలేదు. వచ్చిననాడు ఆ సన్న కాళ్ళు ముందుకు పోతాయో, వెనక్కి పోతాయో నాకు తెలియదు. వాడి ముందు అది ఒప్పుకునేంత గొప్పవాణ్ణి కాను.

"తరమకపోతే గొర్రెలతో పాటే చస్తాది పోరా! నీ ఇంట్లో మాదిరి సోఫా మీద చావదు."

కారు పోయింది. దుమ్ము అణిగేదాకా గొర్రెలు ఆ మూలనే నిలబడ్డాయి. పిల్ల బయటికి రాలేదు.