తువ్వాలు కింద చెయ్యి

మా ముత్తాత సంస్థానంలో ఏడు ఊళ్లకు అమీను. శిస్తు ఎగ్గొట్టినవాణ్ణి నిలబెట్టి అడగడానికీ, కట్టినవాడికి తాంబూలం ఇచ్చి పంపడానికీ ఆయనకే అధికారం. ఆయన కొడుకు, మా తాత, ఉద్యోగం పోయినా ఠీవి పోనివ్వలేదు. భోగాపురం దారిలో ఆయన గూడుబండి వస్తుంటే ఎదురు బళ్లు పక్కకు దిగేవి. మా నాన్నగారి కాలంలో జమీందారీలే రద్దయిపోయాయి. అరవైల చివర, ఆయన కూడా పోయాక, నా చేతికి వచ్చినవి కురిసే పెంకుటిల్లు, ఊరి వెనక కొంత మెట్ట, ఒక జీడితోట, రెండు జతల ఎడ్లు. వాటితోపాటు చెమట పట్టే చేతులు.

ఆ చేతులు మా తాతవి. ఎండాకాలమైనా చలికాలమైనా ఆయన అరచేతులు తడిగానే ఉండేవట. దాన్ని ఎవరూ చెమట అనలేదు. బాబుగారిది చలవ చెయ్యి అన్నారు. విత్తనాల బుట్టలో మొదటి పిడికెడు ఆయన చేత తీయించుకోవడానికి రైతులు వాకిట్లో కాచుకునేవారు. అదే తడి నా దగ్గరకు వచ్చేసరికి రోగమైంది. బళ్లో చెయ్యి కింద అట్టముక్క పెట్టుకోకుండా ఒక్క అక్షరం రాయలేకపోయేవాణ్ణి. ఎవరికైనా నమస్కారం చేసే ముందు జేబులో రుమాలు పిండుకునేవాణ్ణి. చెప్పులు జారకుండా వాటిలో బియ్యప్పిండి చల్లుకుంటే చీమలు పట్టేవి. తెల్ల చొక్కా తప్ప వేసుకునేవాణ్ణి కాదు. రంగు చొక్కా మీద తడి పటం గీసినట్టు కనపడుతుంది. ఇవన్నీ ఇంటి గుట్టుగానే ఉండేవి. సంతలో బయటపడింది.

మా వైపు పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ, కొనేవాడి తరఫున బేరమాడే దలారీ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, కణుపు నొక్కితే అందులో సగమెంత, అంతా ఆ చాటునే. చుట్టూ ఎంతమంది నిలబడినా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. కానీ చెయ్యి ధర ఒక్కటే చెప్పదు. తడిసిన చెయ్యి అవసరంలో ఉన్నవాడి చెయ్యి అని సంతలో ప్రతివాడికీ ఒక నమ్మకం.

ఇంటి కప్పు బాగుచేయించడానికి బండి ఎడ్ల జతను నెల్లిమర్ల అవతలి సంతకు తోలుకెళ్లాను. దలారీ నాకు తెలిసినవాడే. అతని తండ్రి మా సాలలో పశువులకు కుడితి కలిపేవాడు. తువ్వాలు కప్పి నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, ధర తేల్చకుండా, సంతంతా వినేలా అన్నాడు:

"ఏటి బాబూ, సెయ్యి సెరువైపోనాది! ఎడ్లు అమ్మకపోతే రేపు పొయ్యి ఎలగదా ఏటి?"

"ఒరే మావా, ఆ తువ్వాలు పిండరా, ఎడ్లకి కుడితైనా అవుతాది," అన్నాడు పక్కవాడు.

నవ్వారు. దలారీ రెండు వేళ్లు వదిలేశాడు. అంటే అంత తగ్గించాడన్నమాట. నాకది చెమట అనీ, భయం కాదనీ చెప్పాలనిపించింది. అలా చెప్పుకోవడం ఇంకా సిగ్గు. ఎలాగోలా నా చెయ్యి బయటికి లాక్కుంటే చాలనుకుని, అతను అడిగిన ధరకు తలూపాను.

దారంతా ఒకటే అనుకున్నాను. అరక ఎడ్ల జతనూ ఏదో ఒకనాడు అమ్మక తప్పదు. ఆ రోజు అదే సంతలో, అదే దలారీ చేతిలో, పొడి చెయ్యి పెట్టాలి.

ఇంట్లో నేనూ మేనత్తా ఇద్దరమే. మా నాన్నగారికి అక్క. నేను చెప్పింది వత్తులు చేసుకుంటూ వింది.

"ఆడెవుడ్రా? ఆడి బాబు మన సాలలో కుడితి కలిపినోడు కాదేటి?"

"ఆడే అత్తా."

"అయితే ఏడవకు. సెయ్యి ఆరబెట్టుకో."

మర్నాటి నుంచే మొదలుపెట్టింది. పటిక పొడిచేసి గోరువెచ్చని నీళ్లలో కరిగించి, పొద్దునా సాయంత్రం పావుగంట చొప్పున చేతులు ముంచి కూర్చోమనేది. పది రోజులకు తడి కొంత తగ్గింది, చర్మం పగిలింది. పగుళ్లకు నువ్వులనూనె రాస్తే మళ్లీ జిడ్డు. తర్వాత తేయాకు చిక్కగా మరిగించి అందులో ముంచమంది. వేళ్లు చుట్ట కాల్చేవాడి పళ్ల రంగుకు తిరిగాయి. ఆ తర్వాత తుమ్మబెరడు కషాయం.

"అది తోళ్లు పదునుచేసే బెరడు కదా అత్తా," అన్నాను.

"నీది తోలు కాదేటి? అమీనుగోరి మునిమనవడిదని పట్టుబట్టా?"

ముంచాను. పచ్చిమిరపకాయ మానిపించింది. మాకు మిగిలిన ఒకే ఒక్క దర్జా కాఫీ, అదీ మానిపించి మజ్జిగ పోసింది. అయినా ఎవరైనా కళ్లలోకి చూసి మాట్లాడితే చెయ్యి తడిసేది. అప్పుడు అత్త తన పాత తువ్వాలు తెచ్చింది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, తువ్వాలు కింద నా వేళ్లు పట్టుకుని, అచ్చం ఆ దలారీ గొంతుతో అనేది:

"ఏటి బాబూ, పొయ్యి ఎలగదా ఏటి?"

మొదటి రోజు చెయ్యి ధారకట్టింది. అత్త జాలిపడలేదు. తువ్వాలు ఆరేసి మర్నాడు మళ్లీ పట్టుకుంది. చలికాలమంతా ఆ మాట విన్నాను. చివరకు అది సామెతలాగా, ఏ నొప్పీ లేకుండా చెవిలోంచి వెళ్లిపోవడం మొదలైంది. ఎండలు ముదిరేసరికి అత్త నా చెయ్యి వదిలి, "ఎల్లు. జత తోలుకెల్లు," అంది.

పటిక పొడి పొట్లం కట్టి మొలలో దోపుకుని వెళ్లాను. సంతలో దిగగానే విన్నాను: ఆమదాలవలస షావుకారు ఒకాయనకు ఈడూజోడూ కుదిరిన తెల్ల జత ఇవాళే చూపిస్తానని దలారీ మాటిచ్చాడట. షావుకారు గొడుగు వేసుకుని తాటిచెట్టు నీడన కూర్చుని ఉన్నాడు. ఆ రోజు సంతలో అలాంటి తెల్ల జత మాదొక్కటే. పొద్దున్నే నెల్లిమర్ల వైపు రైతొకడు తక్కువ ధరకు అడిగాడు. అతని దగ్గర సరిపడా లేదని పంపేశాను.

దలారీ వచ్చి తువ్వాలు కప్పాడు. నా చెయ్యి పట్టుకుని ఆగాడు. మళ్లీ తడిమాడు.

"ఏటి బాబూ, సెయ్యి ఎండిపోనాది? ఒంట్లో బాగున్నాదా?"

అతను వేళ్లు పట్టుకున్నాడు. నేను వదిలించుకున్నాను. ఇంకో వేలు కలిపాడు. వదిలించుకున్నాను. షావుకారు ఒకసారి లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాడు. దలారీ అటు చూసిన ప్రతిసారీ తువ్వాలు కింద అతని చెయ్యి కాస్త వెచ్చబడి, కాస్త జారింది. ఆ తడి నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ తెలిసినది. ఈసారి నాది కాదు, అంతే.

చివరకు నేననుకున్న దానికన్నా ఎక్కువే నొక్కాడు. నేను చెయ్యి బయటికి తీసి, అతని తువ్వాలుకే తుడుచుకుని, అతని మాటలు అతని యాసలోనే అప్పజెప్పాను:

"ఏట్రా, సెయ్యి సెరువైపోనాది! ఆ సావుకారు లేసి ఎల్లిపోతే రేపు పొయ్యి ఎలగదా ఏటి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పోయినసారి తువ్వాలు పిండమన్నవాడు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"బాబూ, బేరం కుదిరిపోనాది కదా," అన్నాడు దలారీ, నవ్వలేక.

పలుపు చేతికిచ్చేదాకా బేరం కుదిరినట్టు కాదు. అది సంత కట్టుబాటు, అతనికీ తెలుసు. నేను నెల్లిమర్ల రైతును కేకేసి పిలిచి, పొద్దున అతనన్న ధరే అందరూ వినేలా చెప్పి, పలుపు అతని చేతిలో పెట్టాను.

"ఓరి బాబో, అంత తక్కువకా!" అని అరిచాడు దలారీ.

"నీకివ్వకుండా ఉండడానికి ఆ మాత్రం ఖర్చవుతాది," అన్నాను.

షావుకారు గొడుగు ముడిచి రోడ్డెక్కాడు. దలారీ చెయ్యి పంచెకు తుడుచుకుంటూ అతని వెనక పరుగెత్తాడు. ఆ పరుగు నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది. అది గుర్తొచ్చిన పూట అన్నం సహిస్తుంది.

ఇంటికొచ్చాక అత్త ఎంతకిచ్చావని అడిగింది. చెప్పాను. కాసేపు వత్తులు చేయడం ఆపింది.

"ఆడి మొకం ఎలాగున్నాది?"

చెప్పాను.

"మల్లీ సెప్పు."

మళ్లీ చెప్పాను. చెబుతుండగా ఆమె నా చెయ్యి పట్టుకుని చూసింది. తడిసి ముద్దగా ఉంది. తన కొంగుతో తుడిచింది.

ఎడ్లు లేక ఆ ఏడు మెట్ట దున్నలేదు. మరుసటి వేసవిలో మెట్టా, జీడితోటా కలిపి అమ్మేశాం.